క్యారియర్ మీద మా అత్త

సైకిళ్లు మూడు, మనుషులం అయిదుగురం.
ఒకటి మాది, ఒకటి పక్క క్వార్టర్ వాళ్లది.
మూడోది అద్దెది. లాసన్స్ బే దాటకముందే
దాని గొలుసు రెండుసార్లు ఊడింది.
లోకో షెడ్డులో రైలింజన్లు విప్పి బిగించే మా ఆయన
రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని
"ఇంజనే నయం, మాట వింటుంది" అన్నాడు.

ఇదంతా లాస్య వల్ల.
దాని క్లాసు పిల్ల వేసవి సెలవుల్లో
అమ్మానాన్నలతో రోము వెళ్లి
రెండువేల ఏళ్ల రాతిబాట మీద సైకిలు తొక్కిందట.
ఆ ఫోటోలు చూసినప్పట్నించీ
వారం రోజులు మాతో ముక్తసరిగా మాట్లాడింది.
"రాళ్లే కదే, మనకీ ఉన్నాయి" అన్నాను నేను
తిరగమోత పెడుతూ,
అంతకన్నా ఏమీ తెలియకుండా.

జోడుగుళ్లపాలెం దగ్గర వలలు దులుపుతున్నారు.
రుషికొండ మలుపులో ఎదురుగాలి
నా చున్నీ పట్టుకుని ఇంటికి పొమ్మంది.
నా ముందు బార్ మీద నికేత్, ఆరేళ్లు,
ప్రతి ఎత్తు దగ్గరా "దిగనా అమ్మా" అంటాడు, దిగడు.
ఆయన క్యారియర్ మీద
రెండు కాళ్లూ ఒకే పక్కకి వేసుకుని,
ఒళ్లో చోడి అంబలి సీసాతో
మా అత్త అసిరమ్మ
సముద్రం వైపు కాదు, కొండ వైపు చూస్తోంది.

తొట్లకొండ ఎక్కుడులో అందరం దిగి తోశాం.
పైన
ఇటుకల గుండ్రాలు. కప్పుల్లేని గదుల వరసలు.
రాతిలో తొలిచిన తొట్లు, అడుగున వాన నీళ్లు, ఒక కప్ప.
లాస్య బోర్డు పైకి చదివింది:
భిక్షువులు, వానాకాలపు విడిది, రోమన్ వెండి నాణేలు...
అక్కడ ఆగింది.
"రోమా? ఇక్కడా?"

"ముక్కు పొడుగోడు" అంది అత్త వెనకనుంచి.
"ఏంటి మామ్మా?"
"బిళ్ల మీద. ముక్కు పొడుగోడి బొమ్మ."

పదిహేనేళ్లుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నాం.
నాకు తెలీదు.
ఆయనకి తెలుసట, నేను అడగలేదట.
ఈ కొండ తవ్వినప్పుడు మా అత్త మట్టి మోసింది.
ఈయన్ని ఆ తుప్ప నీడన
గోనెసంచి మీద పడుకోబెట్టి జల్లెడ పట్టింది.
"నాకన్నీ పెంకులే. పొద్దుగూకులూ పెంకులు.
నా పక్కన సూరమ్మకి పడింది బిళ్ల.
సార్లందరూ దాని సుట్టూ మూగిపోనారు.
టీ ఇచ్చినారు దానికి, గాజు గ్లాసులో.
నా జల్లెడ ఆ పక్కనే. అరజానెడు."
చెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది కూడా.
ఇన్నేళ్లయినా
ఆ అరజానెడు ఆమెకి చల్లారలేదు.

లాస్య ఫోటో తియ్యలేదు.
ఇంట్లో ముట్టుకోని అంబలి సగం తాగి
"నువ్వెక్కడ నించున్నావు మామ్మా?
సూరమ్మ ఎక్కడ?" అంది.
ఇద్దరూ లేచి వెళ్లి నిలబడ్డారు,
లాస్య సూరమ్మ చోట.

బయల్దేరేముందు అత్త నికేత్ జేబు తడిమింది.
బొటనవేలంత పెంకుముక్క.
"ఎక్కడిదక్కడ ఎట్టీరా గుంటడా. లెక్క రాసుంటాది."
వాడు ఏడ్చాడు, పెట్టేశాడు,
ఏ రాయి పక్కన పెట్టాడో
రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

దిగుడంతా తొక్కే పనే లేదు.
బ్రేకుల కీచు, ఒక్కసారిగా మీదికొచ్చే సముద్రం,
"ఓలమ్మో" అని కొడుకు చొక్కా
పిడికిట బిగించిన అత్త.
మంగమారిపేట దగ్గర మళ్లీ ఊడింది గొలుసు.
ఈసారి ఆమే దిగింది.
కుచ్చెళ్లు ఎగదోపుకుని
ఒక్కో పన్నూ వేలితో తడుముతూ ఎక్కించింది,
తొందర లేకుండా,
లోపల ఏమైనా దొరుకుతుందేమో అన్నట్టు.